బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత ఒంటికి ఐరన్ పట్టేలా తినడం ఎలా?

బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నవారిలో చాలామందికి మొదటి ఏడాదంతా తూకం మీదే చూపు ఉంటుంది. హైదరాబాదులో ఆపరేషన్ అయి హనుమకొండకో, జనగామకో, భూపాలపల్లికో తిరిగి వచ్చాక నెలనెలా తగ్గే కిలోలు సంతోషాన్నిస్తుంటాయి. మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని, దువ్వెనకు చుట్టుకునే జుట్టును, పొద్దంతా వదలని నీరసాన్ని మాత్రం "తిండి తగ్గింది కదా, ఇట్లనే ఉంటది" అని సరిపెట్టుకుంటారు. కొన్నాళ్లకు రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ పడిపోయిందని తేలగానే ఇంట్లోవాళ్లు రక్తం పట్టే తిండి అంటూ బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్, దానిమ్మ తెచ్చి ముందు పెడతారు. ప్రేమతో పెట్టేదే అయినా ఆ తిండి ఈ కడుపుకు సరిపడదు. ఎందుకు సరిపడదో, దాని బదులు ఏది, ఎంత, ఏ వేళకు తినాలో చూద్దాం.

మొదలుపెట్టే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆపరేషన్ అయిన తర్వాత తిండి ఎంత మంచిదైనా డాక్టర్ రాసిన ఐరన్ మాత్రకు బదులు కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం మామూలు ఆరోగ్యంతో ఉన్న మగవారికి రోజుకు 19 మిల్లీగ్రాములు, ఆడవారికి 29 మిల్లీగ్రాములు ఐరన్ కావాలి. ఆపరేషన్ అయినవారి మధ్యాహ్న భోజనం అంటే రెండు చెంచాల కీమా, రెండు చెంచాల ఆకుకూర పప్పు, ఒక చెంచా అన్నం. అందులోని ఐరన్ అంతా కూడితే మూడు నాలుగు మిల్లీగ్రాములకు మించదు. మూడు పూటలూ అంతే తిన్నా 29 దరిదాపులకు కూడా చేరుకోలేం. అయినా తిండి మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, మాత్ర పనిచేయాలన్నా, ఉన్న నిల్వలు కరిగిపోకుండా ఉండాలన్నా పళ్లెంలో ఏది దేనితో కలిసి వస్తోందన్నదే కీలకం.

ఐరన్ ఎక్కడ ఆగిపోతోంది?

తిన్న తిండిలోని ఐరన్‌ను ఎక్కువగా పీల్చుకునేది డుయోడినం అనే చిన్నపేగు తొలి భాగం, దాని తర్వాతి కొద్ది భాగం. గ్యాస్ట్రిక్ బైపాస్‌లోనూ మినీ బైపాస్‌లోనూ తిండి సరిగ్గా ఈ భాగాన్ని తాకకుండా పక్కదారిలో కిందికి పోతుంది. స్లీవ్ ఆపరేషన్‌లో పేగు దారి మారదు కానీ, కడుపులో ఎక్కువ భాగాన్ని కోసి తీసేస్తారు కనుక ఆమ్లం తగ్గిపోతుంది. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టే రూపంలోకి మారాలంటే ఆ ఆమ్లమే ఆధారం. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు రాసే పాంటాప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు మిగిలిన ఆమ్లాన్ని కూడా తగ్గిస్తాయి. డాక్టర్ చెప్పిన గడువు దాటినా మెడికల్ షాపులో అడిగి ఏళ్ల తరబడి వేసుకునేవారు ఉన్నారు. వాటిని సొంతంగా ఆపడమూ సరికాదు, సొంతంగా కొనసాగించడమూ సరికాదు. తర్వాతి సందర్శనలో "ఇది ఇంకా అవసరమా?" అని సూటిగా అడగండి.

ఆడవారి విషయంలో మరో సంగతి ఉంది. పీసీఓఎస్ (అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య) వల్ల నెలసరి సరిగా రానివారికి బరువు తగ్గిన కొద్దీ నెలసరి క్రమంగా రావడం మొదలవుతుంది. ఇది మంచి పరిణామమే. అయితే రాబడి తగ్గిన వేళ ఖర్చు పెరిగినట్టు, ఐరన్ అందడం తగ్గిన సమయంలోనే నెలనెలా పోయే రక్తం పెరుగుతుంది. రక్తస్రావం ఎక్కువగా ఉంటే స్త్రీల వైద్యులను కలవకుండా తిండితో సరిచేసుకోవాలని చూడడం వృథా ప్రయాస.

బెల్లం, దానిమ్మ, బొక్కల సూప్ సంగతి

మన ప్రాంతంలో బెల్లానికి ఉన్న స్థానం వేరు. మేడారం నుంచి వచ్చినవారు తెచ్చే ప్రసాదాన్ని బంగారం అంటాం, కాదనలేం. చిటికెడు నోట్లో వేసుకోవడం వల్ల వచ్చే నష్టం లేదు. ఐరన్ కోసమని రోజూ ముద్దలకొద్దీ బెల్లం, నువ్వుల ముద్దలు, పల్లీపట్టీలు తినడంతోనే అసలు ఇబ్బంది. ముఖ్యంగా బైపాస్ అయినవారిలో తీపి నేరుగా చిన్నపేగులోకి వేగంగా దిగడంతో గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. వైద్యులు దీన్ని డంపింగ్ అంటారు. పైగా బెల్లంలో ఐరన్ వంద గ్రాములకు లెక్కగట్టి చెప్పేదే తప్ప, మనం తినే పది గ్రాముల ముక్కలో అర మిల్లీగ్రాము కూడా ఉండదు.

బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కనుక రక్తం పడుతుందని నమ్మకం ఏర్పడింది. వంద గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా వీటిలో దేనిలోనూ లేదు. ఎముకలను గంటల తరబడి ఉడికించి తీసిన సూప్, పాయా కూడా అంతే. ఆపరేషన్ అయిన తొలి రెండు వారాల్లో వడకట్టిన సూప్ గొంతు దిగడానికి, ఒంట్లో నీరు తగ్గకుండా ఉండడానికి పనికొస్తుంది కానీ ఐరన్ విషయంలో దాని మీద ఆశ పెట్టుకోనవసరం లేదు. ఆ తొలి వారాల్లో ఐరన్ అంతా డాక్టర్ రాసిన మందు నుంచే రావాలి. తిండితో చేయగలిగేది మెత్తటి ఆహారం మొదలైన తర్వాతే.

మాంసం తినేవారు ఏం చేయాలి?

మాంసం, కార్జం (లివర్), చేపల్లోని ఐరన్‌లో కొంత భాగం హీమ్ అనే రూపంలో ఉంటుంది. దానికి కడుపులోని ఆమ్లంతో పెద్దగా పని ఉండదు, చాయ్‌లోని వగరు పదార్థాలు కూడా దాన్ని అంతగా అడ్డుకోలేవు. అందుకే చిన్న కడుపులోకి వెళ్లే కొద్దిపాటి ముద్దల్లో మొదటి చోటు దీనికే ఇవ్వాలని నా అభిప్రాయం. మరో ప్రయోజనం కూడా ఉంది. పప్పు, ఆకుకూరలతో కలిపి కాస్త మాంసమో చేపో తింటే ఆ పప్పులోని ఐరన్ కూడా బాగా పడుతుంది.

అన్నింటిలోకి మేలైనది మేక కార్జం. వంద గ్రాముల కార్జంలో సుమారు 6 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటే, మామూలు మటన్‌లో సుమారు 2, చికెన్‌లో ఇంకా తక్కువ ఉంటుంది. ఆదివారం మాంసం దుకాణంలో కార్జం విడిగా అడిగితే ఇస్తారు. వారానికి ఒకసారి, పూటకు నలభై యాభై గ్రాములు చాలు. వండే పద్ధతిలో మాత్రం తేడా చూపాలి. మన ఇళ్లలో వేపుడు అంటే గట్టిపడే దాకా వేయించడం అలవాటు. అట్లా వేయించిన కార్జం రబ్బరులా సాగి, చిన్న కడుపు ద్వారం దగ్గర చిక్కుకుని ఛాతీలో బరువు, వాంతి తెప్పిస్తుంది. దీన్ని గోరంత ముక్కలుగా కోసి, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పసుపు వేగిన తర్వాత వేసి, కొద్దిగా నీళ్లు చల్లి మూతపెట్టి, లోపలి ఎరుపు పూర్తిగా పోయి ముక్క ఇంకా మెత్తగా ఉండగానే దించాలి. దించిన తర్వాత నిమ్మరసం పిండి, చెంచా వెనుక భాగంతో కొద్దిగా నలిపి, ఒక్కో ముక్కను పేస్ట్ అయ్యేదాకా నమిలి తినాలి. కార్జంలో విటమిన్ ఎ చాలా ఎక్కువగా ఉంటుంది కనుక గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీన్ని మానుకోవాలి. యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవారు కూడా డాక్టర్‌ను అడిగిన తర్వాతే తినాలి.

కార్జం ఇష్టపడనివారికి కీమా ఉంది. ముక్కల మటన్‌లోని పోగులు ఆపరేషన్ తర్వాత చాలామందికి దిగవు. "మటన్ పడతలేదు" అని పూర్తిగా మానేసే ముందు, అదే మాంసాన్ని రెండుసార్లు కీమా కొట్టించి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, టమాటతో కలిపి ప్రయత్నించండి. మేక రక్తంతో చేసే నల్ల మన దగ్గర తినేవారికి కొత్త కాదు. అందులోనూ హీమ్ ఐరన్ బాగా ఉంటుంది, అయితే శుభ్రంగా పట్టిన తాజాదే కావాలి, పూర్తిగా ఉడకాలి. చెరువు చేపలైన రవ్వ, బొచ్చె, కొర్రమట్టలో ఐరన్ మటన్ కంటే తక్కువే కానీ మెత్తగా ఉండి తేలిగ్గా దిగుతాయి, పప్పులోని ఐరన్‌కు సాయం చేస్తాయి. గుడ్డును ప్రొటీన్ కోసం తినండి. ఒక గుడ్డులో ఐరన్ ఒక మిల్లీగ్రాము లోపే ఉంటుంది, ఉన్నది కూడా ఒంటికి అంతగా పట్టదు.

శాకాహారులకు పని కాస్త ఎక్కువ

పప్పులు, గింజలు, ఆకుకూరల్లో ఐరన్ అంకెలు చూడడానికి ఘనంగా ఉంటాయి. వంద గ్రాముల నువ్వుల్లో 14 మిల్లీగ్రాముల దాకా, ఉలువల్లో 8కి పైగా, శనగపప్పులో 6, తోటకూర, మునగాకుల్లో నాలుగున్నర ప్రాంతంలో ఉంటుంది. అయితే ఒక చెంచా నువ్వుల బరువు ఐదు గ్రాములే. దానికి తోడు గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం ఐరన్‌ను పట్టి ఉంచి వదలదు. కనుక శాకాహారి శ్రద్ధ పెట్టవలసింది గింజలోని ఐరన్‌ను విడిపించే వంట మీద.

రాత్రంతా నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం అనే మూడు పాత పద్ధతులూ ఫైటేట్‌ను తగ్గిస్తాయి. పెసర్లు, బొబ్బర్లు, ఉలువలను రాత్రి నానబోసి, మర్నాడు బట్టలో కట్టి మొలక రానిచ్చి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. పచ్చి మొలకలు ఈ కడుపుకు అరగవు. గుడాలుగా పొడిగా తినే అలవాటును కొంతకాలం పక్కనపెట్టి, వాటినే మెదిపి, తాలింపు వేసి, దించిన తర్వాత నిమ్మరసం పిండుకోవాలి. జొన్న అంబలిని కూడా అప్పటికప్పుడు కాచి తాగడం కన్నా రాత్రి పిండి పులియబెట్టి పొద్దున కాచుకోవడం మేలు. అయినా అంబలి గ్లాసులకొద్దీ తాగితే ప్రొటీన్‌కు చోటు మిగలదు. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ తినమని ఆపరేషన్ అయినవారికి చెబుతారు. కాబట్టి అంబలి ఉపాహారానికి తోడుగా చిన్న కప్పు వరకే ఉండాలి.

ఆకుకూరల్లో తోటకూర, మెంతికూర, మునగాకు, గంగవాయిలి కూరలను మార్చి మార్చి వండుకోవచ్చు. పాలకూర, పుంటికూర, తోటకూర, గంగవాయిలి వీటిలో ఏదైనా రోజూ అదే తినడం మంచిది కాదు. వీటిలో కిడ్నీ రాళ్లకు దారితీసే ఆక్సలేట్లు అనే పదార్థాలు ఎక్కువ. బైపాస్ అయినవారికి కిడ్నీలో రాళ్లు వచ్చే ప్రమాదం మామూలుగానే పెరుగుతుంది. మునగాకు పొడి చేసుకుంటే పీచు ఇబ్బంది ఉండదు, చెంచా పొడి పప్పులో కలిసిపోతుంది.

ఆకుకూర పప్పులో పులుపు కోసం చింతపండు వేస్తాం. రుచికి అది సరే. ఐరన్‌కు కావలసింది మాత్రం విటమిన్ సి. పప్పు ఉడికేటప్పుడు వేసిన టమాట, మామిడికాయల్లోని విటమిన్ సి కొంత వేడికి పోతుంది. కాబట్టి పళ్లెంలోకి వచ్చిన తర్వాత నిమ్మకాయ పిండడం అలవాటు చేసుకోండి. కార్తీకంలో దొరికే పచ్చి ఉసిరికాయ ఇందుకు అన్నింటికంటే బలమైనది. వంద గ్రాముల ఉసిరిలో సుమారు 250 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. ఒక చిన్న కాయను తురిమి పప్పులో కలిపినా ఆ పూటకు సరిపోతుంది. జామకాయ కూడా దాని తర్వాతి వరుసలోనే ఉంటుంది. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో గింజలు తీసేసి తినాలి.

వంట పాత్ర కూడా సాయం చేస్తుంది. టమాట, చింతపండు వంటి పులుపు ఉన్న కూరను ఇనుప కడాయిలో వండితే కడాయి నుంచి ఐరన్ కూరలోకి దిగుతుంది. ఎంత దిగుతుందన్నది పులుపును బట్టి, ఉడికే సమయాన్ని బట్టి మారుతుంది కనుక అంకె చెప్పలేం. అత్తమ్మ కాలం నాటి ఇనుప మూకుడు అటక మీద ఉంటే దించి తుప్పు తోమి వాడండి. నాన్‌స్టిక్ పూత ఉన్నవి, ఎనామిల్ పూసినవి ఈ పని చేయవు. కూర ఉడకగానే వేరే గిన్నెలోకి మార్చకపోతే నల్లబడి వాసన మారుతుంది.

చాయ్, పెరుగు, కాల్షియం మాత్ర: వేళలు కుదర్చడం

నిజానికి ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. చాయ్‌లోని వగరు పదార్థాలు పప్పుల్లోని, ఆకుకూరల్లోని ఐరన్‌ను, మాత్రలోని ఐరన్‌ను కూడా కట్టేస్తాయి. కాఫీ అంతే. బరువు తగ్గాలని భోజనం కాగానే గ్రీన్ టీ తాగే అలవాటున్నవారు ఆ అలవాటుతో తమ ఐరన్‌ను తామే అడ్డుకుంటున్నారు. భోజనానికి గంట ముందు, గంట రెండు గంటల తర్వాత వరకు ఇవేవీ ఉండకూడదు. కాల్షియం కూడా ఐరన్‌కు పోటీగా నిలుస్తుంది, అయితే ఆపరేషన్ అయినవారికి అదీ తప్పనిసరే. ఐరన్ మాత్రకు, కాల్షియం మాత్రకు మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. పాలలో ప్రొటీన్ పౌడర్ కలిపి, దానితోనే ఐరన్ మాత్ర మింగితే మాత్ర చాలావరకు వృథా అవుతుంది.

పొద్దున లేవగానే పరగడుపున ఐరన్ మాత్ర వేసుకోమని చాలాచోట్ల రాసి ఉంటుంది. మనవాళ్లలో చాలామందికి పొద్దున చాయ్ లేకుండా గంట గడవదు, పైగా థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి అదే సమయం. థైరాయిడ్ మాత్రకూ ఐరన్‌కూ మధ్య నాలుగు గంటలు ఉండాలి. అందువల్ల ఐరన్‌ను పొద్దు పదకొండు గంటల ప్రాంతానికి జరపడం మన దినచర్యకు బాగా కుదురుతుందని నాకు అనిపిస్తుంది. పొద్దున ఆరుకు థైరాయిడ్ మాత్ర, ఏడుకు చాయ్, ఎనిమిదిన్నరకు గుడ్డు లేదా పెసరట్టు, పదకొండుకు నిమ్మరసం కలిపిన నీళ్లతో ఐరన్ మాత్ర, ఒంటిగంటకు భోజనం. ఉపాహారానికీ మాత్రకూ మధ్య పాలు, చాయ్ రాకూడదు. భోజనంలో మొదట కీమానో పప్పో, తర్వాత కూర, చివర చోటుంటేనే అన్నం. నిమ్మకాయ పక్కన ఉండాలి, పెరుగు ఉండకూడదు. భోజనం చివర పెరుగన్నం లేకపోతే తిన్నట్టు ఉండదనేవారు ఆ పెరుగును సాయంత్రం నాలుగుకు మజ్జిగగా తాగి, అప్పుడే మొదటి కాల్షియం మాత్ర వేసుకోవచ్చు. రెండోది రాత్రి పడుకునే ముందు. థైరాయిడ్ మాత్ర లేనివారు, చాయ్ మానేసినవారు ఈ వేళలను తమకు తగినట్టు మార్చుకోవచ్చు. ముఖ్యమైనది దూరాలు పాటించడమే.

మందుల పట్టీ మీద ఏం చూడాలి?

స్లీవ్, బైపాస్ అయినవారికి, నెలసరి వచ్చే ఆడవారికి అమెరికాలో బరువు తగ్గే ఆపరేషన్లు చేసే (బేరియాట్రిక్) వైద్యుల మార్గదర్శకాలు రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్, అంటే మాత్రలో ఉండే అసలు ఐరన్, సూచిస్తాయి. మీకు ఎంత అన్నది మీ డాక్టర్ నిర్ణయించాలి. పట్టీ మీద రాసిన అంకె ఒక్కోసారి ఐరన్ లవణం బరువు. ఉదాహరణకు 200 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో అసలు ఐరన్ సుమారు 65 మిల్లీగ్రాములే. ఎలిమెంటల్ అనే మాట పక్కన ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. చప్పరించే విటమిన్ గమ్మీల్లో చాలావాటిలో ఐరన్ అసలే ఉండదు. కడుపులో కరగకుండా పేగులో కరిగేలా పూత వేసిన మాత్రలు బైపాస్ అయినవారికి పనికిరావు. మలబద్ధకం వస్తే మాత్ర ఆపేయకుండా డాక్టర్‌కు చెప్పండి, వేరే లవణానికో రోజు విడిచి రోజుకో మార్చగలరు. సిరప్ తాగితే పళ్లు నల్లబడకుండా వెంటనే నోరు పుక్కిలించండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ మాత్రలను అందని చోట తాళం వేసి పెట్టాలి, పిల్లలు ఎక్కువ మింగితే ప్రాణాపాయం.

పరీక్షలు, జాగ్రత్తలు

హిమోగ్లోబిన్ ఒక్కటే చూసుకుని ధీమాగా ఉండకండి. అది పడిపోయేసరికి ఒంట్లోని నిల్వలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. ఆ నిల్వలను చూపేది ఫెరిటిన్ పరీక్ష. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కనుక దానితోపాటు రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండిందో చూపే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ పరీక్ష కూడా రాయించుకోవాలి. ఆపరేషన్ తర్వాత మూడో నెలలో మొదలుపెట్టి, మొదటి ఏడాది మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత జీవితాంతం ఏడాదికోసారి చేయించుకోవాలి. ఐరన్ బాగున్నా రక్తం తక్కువగా ఉంటే బి12, ఫోలేట్ కూడా చూడాలి. ఐసు ముక్కలు నమలాలనిపించడం, పచ్చి బియ్యం బుక్కడం, బలపాలు, మట్టి తినాలనిపించడం కూడా ఐరన్ తగ్గిందనడానికి గుర్తులే. సిగ్గుపడి దాచుకోకుండా డాక్టర్‌కు చెప్పవలసిన లక్షణాలివి. మాత్రలతో నిల్వలు పెరగకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కించే వైద్యం ఉంది. అది ఆసుపత్రిలోనే జరగాలి.

ఐరన్ మాత్రల వల్ల మలం నల్లగా రావడం మామూలే. అయితే అది తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చి, తోడుగా కళ్లు తిరగడం, కడుపునొప్పి ఉంటే లోపల పుండు నుంచి రక్తం పోతున్నట్టు అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ పుండ్లకు ఒక ముఖ్య కారణం ఒళ్లునొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మందులు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి మోకాలి నొప్పికని వెళితే ఇచ్చే సూది కూడా చాలాసార్లు ఇదే కావచ్చు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా ముందుగా మీకు జరిగింది స్లీవా, బైపాసా, మినీ బైపాసా అన్నది చెప్పి, డిశ్చార్జి కాగితం ఫొటో ఫోనులో చూపించి, పారాసిటమాల్ సరిపోతుందేమో అడగండి.